డన్‌లూస్: సముద్రం మీదికి వంగిన కోట

మొదటి రోజు: కారిక్‌ఫర్గస్

మా అమ్మాయి ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. మే నెలలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. రోడ్లు, భవనాల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి పాత గోడ కనబడితే అక్కడే ఆగిపోతాను. ఏ రాయి, ఏ సున్నం, పునాది ఎక్కడ దించారు అని చూడకుండా ముందుకు కదల్లేను. అమ్మాయికి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే అయిదు రోజులు సెలవు పెట్టి, "నాన్నా, నీకు ఒక కోట చూపిస్తాను. కానీ దానికంటే ముందు ఇంకో కోట చూడాలి, అప్పుడే అది అర్థమవుతుంది" అంది.

ముందు చూడాల్సిన ఆ కోట కారిక్‌ఫర్గస్. బెల్‌ఫాస్ట్ నుంచి రైల్లో అరగంట దూరం. స్టేషన్ నుంచి నడిచి సముద్రం ఒడ్డుకు రాగానే నీళ్ళలోకి చొచ్చుకెళ్ళిన రాతి దిబ్బ మీద చదరపు మహాబురుజు కనిపించింది. 1177లో జాన్ డి కోర్సీ అనే నార్మన్ వీరుడు డబ్లిన్ నుంచి కొద్దిమంది గుర్రపు సైనికులతో, కాల్బలంతో బయలుదేరి ఐర్లాండ్ ఉత్తర ప్రాంతమైన ఉల్స్టర్ తూర్పు భాగాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నదాన్ని నిలబెట్టుకోవడానికి కట్టిన కోట ఇది. ఎవరికీ అందం చూపించాలన్న కోరిక దీని గోడల్లో కనిపించదు. మందపాటి గోడలు, సన్నటి కిటికీలు, మూడు వైపులా నీళ్ళు. లోపల ఉన్నవాడు బతకాలి, బయట ఉన్నవాడు లోపలికి రాకూడదు. అంతే లెక్క.

1204లో డి కోర్సీని తోటి నార్మన్ అయిన హ్యూ డి లేసీ వెళ్ళగొట్టాడు. 1210లో ఇంగ్లండ్ రాజు జాన్ స్వయంగా సైన్యంతో వచ్చి ఈ కోటను తీసుకున్నాడు. 1315లో స్కాట్లాండ్ రాజు తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ ముట్టడి మొదలుపెడితే, లోపలి సైనికులు ఏడాదికి పైగా తట్టుకున్నారు. 1690 జూన్ 14న ఇంగ్లండ్ రాజు విలియం ఇక్కడే ఓడ దిగి, బాయిన్ నది దగ్గర జరిగిన యుద్ధానికి వెళ్ళాడు. 1928 దాకా ఇందులో సైన్యం ఉంది. ఏడున్నర శతాబ్దాలు ఒక కట్టడం అదే పనికి వాడుకలో ఉండడం నా అనుభవంలో వినలేదు. మహాబురుజు పైకప్పును ఈ మధ్యనే ఓక్ దూలాలతో, మేకులకు బదులు చెక్క చీలలతో మళ్ళీ కట్టారు. ఆ దూలాల కింద నిలబడి చాలాసేపు పైకే చూశాను.

అమ్మాయి ఇక్కడికి తీసుకురావడానికి అసలు కారణం వేరు. రేపు చూడబోయే కోట యజమాని, ఈ ఆంట్రిమ్ ప్రాంతానికి రెండో ఎర్ల్ (ప్రభువు) అయిన రాండల్ మెక్‌డొనెల్‌ను 1642లో ఇక్కడే బంధించారు. ఒకసారి తప్పించుకున్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ దొరికి, మళ్ళీ తప్పించుకున్నాడు. "వాళ్ళ ఇంటికి రేపు వెళ్దాం" అంది అమ్మాయి, ఎవరో చుట్టాల గురించి చెప్పినట్టు.

రెండో రోజు: వంతెన దాటి

పొద్దున్నే రైలెక్కి కోల్‌రెయిన్‌లో దిగి, ఇంకో చిన్న రైల్లో పోర్ట్‌రష్ చేరాం. అది సముద్రంలోకి పొడుచుకొచ్చిన చిన్న ఊరు. ఓ ఇంట్లో గదులు తీసుకుని, సామాను పడేసి బస్సెక్కాం. కోట మూడు మైళ్ళే. దారిలో ఎడమచేతి వైపు సున్నపురాయి కొండచరియలు, సముద్రం కోసిన కమానులు, వాటి కింద తెల్లటి ఇసుక. ఆ తెల్లదనం చూస్తూ ఉండగానే రాయి ఒక్కసారిగా నల్లగా మారిపోయింది. ఆ నల్లరాయి కొస మీద డన్‌లూస్.

రాజమండ్రి వాణ్ణి కాబట్టి ఆ రాయిని బస్సులోంచే గుర్తుపట్టాను. మా వైపు పంగిడి, గౌరీపట్నం క్వారీల నుంచి వచ్చే నల్ల కంకర కూడా బసాల్టే. దక్కన్ లావా గోదావరి దాకా పారి గడ్డకట్టిన రాయి అది. దాని వయసు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళని చెబుతారు. ఆంట్రిమ్ బసాల్ట్ దానికంటే కొంచెం చిన్నది, సుమారు 6 కోట్ల ఏళ్ళు. రెండూ వేర్వేరు లావాలే. కానీ సుత్తి పెట్టి కొట్టిన చెయ్యి రెండింటినీ ఒకే జాతిగా గుర్తుపడుతుంది. నా ఉద్యోగం అంతా ఆ నల్ల కంకర మీదే నడిచింది. ఇక్కడ అదే జాతి రాయి మీద, అదే రాయితో కట్టిన కోట ముందు నిలబడితే మనసు ఎందుకో నిండిపోయింది.

కోట ఒక విడి రాతి దిబ్బ మీద ఉంది. దాదాపు ముప్పై మీటర్ల ఎత్తు, చుట్టూ నిలువు కోత, కింద సముద్రం. ఒడ్డుకూ ఈ దిబ్బకూ మధ్య లోతైన చీలిక. ఒకప్పుడు దాని మీద ఎత్తి దించే వంతెన ఉండేది. ఇప్పుడు రాతి కమాను మీద చెక్క వంతెన వేశారు. వంతెనకు ముందు ఒడ్డు మీదే బయటి వాకిలి ఉంది. అతిథుల గదులు, గుర్రపుశాల, బీరు కాచే ఇల్లు, అన్నీ పైకప్పులు పోయిన గోడలు. అక్కడి నుంచి రెండు గోడలు గరాటు ఆకారంలో దగ్గరకు వస్తూ వంతెన దగ్గర కలుస్తాయి. ఎంతమంది శత్రువులు వచ్చినా చివరికి వరుసలో ఒక్కొక్కరే దూరాలి. ఆ గరాటులో నడుస్తుంటే సందు ఇరుకు కావడం భుజాలకే తెలుస్తుంది.

ఈ కోటను ఒకే మనిషి కట్టలేదు, ఒకే కోరికతో కట్టలేదు. ఏ కాలంలో ఇందులో ఉన్నవాడు ఎవరిని చూసి భయపడ్డాడో, ఎవరి మెప్పు కోరుకున్నాడో, ఆ మనసు గోడల్లో ఉండిపోయింది. నేను అలాగే చూశాను, అలాగే చెబుతాను.

అన్నిటికంటే పాతవి తూర్పు వైపు ఉన్న రెండు గుండ్రటి బురుజులు. 1500 ప్రాంతంలో మెక్‌క్విలన్ వంశం వాళ్ళు కట్టారు. ఈ కోట పేరు మొదటిసారి రాతల్లో కనిపించేది 1513లో. ఈశాన్యపు బురుజు కింద ఇంకా పాత నేలమాళిగ ఒకటి ఉంది. రాతి పలకలు పరిచిన ఇరుకు సొరంగం. కోట పుట్టక ముందు, మొదటి సహస్రాబ్దిలోనే ఇక్కడ మనుషులు ప్రాణాలు, ధాన్యం దాచుకున్నారన్న మాట. ఈ బురుజులోనే మెక్‌క్విలన్ ప్రభువు తన కూతురు మేవ్‌ను బంధించాడని, ఇష్టమైనవాడితో పడవలో పారిపోతూ ఆమె మునిగిపోయిందని కథ. గాలి వీచే రాత్రుల్లో ఆమె ఏడుపు వినిపిస్తుందని అంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ బురుజులో గాలి శబ్దం మాత్రం మనిషి గొంతులాగే ఉంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

మెక్‌క్విలన్ల బురుజులది కారిక్‌ఫర్గస్ లెక్కే: ప్రాణం కాపాడుకోవడం. వాళ్ళ చేతుల్లోంచి 16వ శతాబ్దం మధ్యలో కోటను లాక్కున్నవాళ్ళు మెక్‌డొనెల్లు. వాళ్ళు సముద్రం అవతల స్కాట్లాండ్ దీవుల నుంచి వచ్చారు. ఆకాశం తేటగా ఉంటే కోట గోడల మీద నుంచి స్కాట్లాండ్ దీవులు కంటికి ఆనతాయి. వాళ్ళకు ఈ సముద్రం సరిహద్దు కాదు, రెండు పెరళ్ళ మధ్య దారి.

ఆ వంశంలో అందరూ చెప్పుకునే పేరు సోర్లీ బోయ్ మెక్‌డొనెల్. బోయ్ అంటే ఇక్కడ అబ్బాయి కాదు. గేలిక్ భాషలో పసుపుపచ్చ అని అర్థం. పసుపు జుట్టు సోర్లీ అన్నమాట. సుమారు 1505లో పుట్టి, 1590లో పోయాడు. ఆ ఎనభై అయిదేళ్ళలో ఎంత చూశాడో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1565లో ఉల్స్టర్ ఐరిష్ నాయకుడు షేన్ ఓ నీల్ చేతిలో ఓడి బందీ అయ్యాడు. 1575లో ఆడవాళ్ళనూ పిల్లలనూ రక్షణ కోసం రాథ్లిన్ దీవికి పంపితే, ఎసెక్స్ ఎర్ల్ పంపిన ఇంగ్లిష్ సైన్యం దీవి మీద దిగి వందలమందిని చంపింది. సోర్లీ ఇవతలి ఒడ్డు నుంచి చూస్తూ ఉండిపోయాడు. 1584లో ఇంగ్లిష్ ప్రతినిధి జాన్ పెరట్ ఫిరంగులతో వచ్చి డన్‌లూస్‌ను పట్టుకున్నాడు. మరుసటి ఏడాదే సోర్లీ తిరిగి తీసుకున్నాడు. కోటలోనే ఉన్న అతని మనిషి ఒకడు రాత్రిపూట తాళ్ళు వదిలి, బుట్టల్లో సైనికులను కొండ మీదికి లాగాడని చెబుతారు. నేను గోడ అంచు దాకా వెళ్ళి కిందికి చూశాను. నిలువుగా రాయి, రాయి మీద పక్షుల గూళ్ళు, కింద నురగ. ఆ చీకట్లో బుట్టలో వేలాడిన మనుషుల ధైర్యం ఎంతటిదో లెక్క కట్టడానికి నాకు తెలిసిన ఏ కొలతా సరిపోలేదు.

వంతెన చివర ఉన్న ద్వారగృహం వీళ్ళ కాలానిదే. దాని మూలల మీద, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు చిన్న గుండ్రటి బురుజులు వేలాడుతున్నాయి. కింద ఆధారం నేల మీద లేదు. ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం బయటికి జరిపిన రాళ్ళే ఆ బరువు మోస్తున్నాయి. ఇది స్కాట్లాండ్ పద్ధతి. ఆ మూలను నేను చాలాసార్లు చుట్టివచ్చాను. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఈ ఉప్పుగాలికి ఆ రాళ్ళు జారలేదు. మేస్త్రీ ఎవరో పేరు లేదు. ఆ గుమ్మం చూసిన ఎవరికైనా ఇంటివాళ్ళు ఏ ఒడ్డు నుంచి వచ్చారో అడగకుండానే తెలుస్తుంది.

గుమ్మం దాటగానే దక్షిణపు ప్రాకారానికి ఆనుకుని ఒక స్తంభాల వసారా అవశేషం ఉంది. ఇటలీలో ఎండాకాలం నీడ కోసం, తోటలు చూడడం కోసం కట్టుకునే లాంటిది. ఇక్కడ, ఉత్తర అట్లాంటిక్ గాలిలో! ప్రాకారం ఎండను అడ్డుకుంటుంది, వసారా ముఖం లోపలి వాకిలి వైపు. అయినా కట్టారు. ఐర్లాండ్ కోటల్లో ఇలాంటిది చాలా అరుదు. తాము మారుమూల కొండ మీద కత్తి పట్టుకుని కూర్చున్న మోటు మనుషులం కాదని, ఐరోపా రాజభవనాల తీరు తమకూ తెలుసని చెప్పుకోవాలనిపించిందేమో. ఆ స్తంభాలు ఇసుకరాయివి. బసాల్ట్ ఉలికి లొంగదు కాబట్టి గోడలన్నీ నల్లరాతి గుండ్లతో పేర్చి, నగిషీ కావలసిన చోట మాత్రం మెత్తటి ఇసుకరాయి పెట్టారు. నల్లటి గోడలో ఎర్రటి, లేతటి రాయి ఎక్కడ కనబడితే అక్కడ ఇంటివాడికి ఏదో అందం కావాలనిపించిందని గుర్తు.

ఆ వసారా చివరి భాగాన్ని తరువాతి తరం కట్టిన పెద్ద ఇల్లు మింగేసింది. సోర్లీ కొడుకు రాండల్ సంగతి ఇది. తండ్రి కత్తితో గెలిచినదాన్ని కొడుకు మంచితనంతో నిలుపుకున్నాడు. 1603లో ఇంగ్లండ్ గద్దెక్కిన జేమ్స్ రాజు స్కాట్లాండ్ వాడు కావడం రాండల్‌కు కలిసొచ్చింది. 3 లక్షల ఎకరాలకు పైగా భూమికి పట్టా వచ్చింది. 1620లో ఆంట్రిమ్ ఎర్ల్ బిరుదు వచ్చింది. బిరుదుకు తగ్గ ఇల్లు కావాలి కదా. పాత కోట లోపలే ఇంగ్లండ్ పల్లెల్లో ప్రభువులు కట్టుకునే లాంటి భవనం కట్టించాడు. పడమటి గోడలో ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద పెద్ద కిటికీలు, పొడవాటి భోజనశాల, మనిషి నిలబడేంత పొయ్యి. బురుజులు కట్టిన మెక్‌క్విలన్ ఈ కిటికీలు చూస్తే తట్టుకోలేకపోయేవాడు. ఫిరంగి గుండుకు దారి ఇచ్చినట్టే అవి. కానీ రాండల్‌కు కావలసింది వేరు. తనకు ఇక శత్రువులు లేరని, తాను రాజుగారి మనిషినని ఆ కిటికీలతో చెప్పుకున్నాడు.

ఆ హాలులో, పైకప్పు లేని ఆకాశం కింద మేం చాలాసేపు కూర్చున్నాం. గోడ పగుళ్ళలో గులాబీ రంగు సముద్రపు పూలు గుత్తులుగా పూశాయి. గాలికి మా ఆవిడ గొడుగు విరిగిపోయింది. అయినా లేవలేదు.

మూడో రోజు: వంటిల్లు, పోయిన ఊరు

మళ్ళీ అక్కడికే వెళ్ళాం. నిన్న అంతా నేనే మాట్లాడాను. ఇవాళ మా ఆవిడ వంటింటి దగ్గర ఆగింది.

1635లో ఆ రాండల్ కొడుకు (అతని పేరూ రాండలే), రెండో ఎర్ల్, పెళ్ళి చేసుకున్నది కేథరిన్ మానర్స్‌ను. హత్యకు గురైన బకింగ్‌హామ్ డ్యూక్ భార్య ఆమె, ఇంగ్లండ్‌లో అత్యంత సంపన్నుల్లో ఒకరు. లండన్ దర్బారులో పెరిగిన మనిషి ఈ కొండకొసకు కాపురానికి వచ్చింది. బొమ్మలు నేసిన గోడ తెరలు, తివాచీలు, పట్టు పరదాలు ఓడల్లో వచ్చాయి. 1639లో ఒక తుపాను రాత్రి విందు నడుస్తుండగా వంటిల్లు వంటవాళ్ళతో సహా సముద్రంలోకి కూలిపోయిందని, మూలన కూర్చున్న కుర్రాడొక్కడే బతికాడని, ఆమె ఆ తరువాత ఇక్కడ ఉండనందని కథ. ఈ తీరంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు.

"వంటిల్లు కూలిపోతే ఇదేమిటండీ మరి?" అంది మా ఆవిడ. ఆమె నిలబడినది పెద్ద పొయ్యి ముందు. నిజమే. వంటిల్లు ఇంకా అక్కడే ఉంది. తరువాతి శతాబ్దాల్లో గీసిన చిత్రాల్లోనూ సముద్రం వైపు కట్టడాలు ఇంకా నిలిచే కనిపిస్తాయట. ఉత్తరం వైపు గోడ పడిన మాట నిజమే గానీ, ఆ రాత్రి కాదు. కథ ఎందుకు పుట్టిందో కూడా అక్కడే తెలుస్తుంది. కింది వాకిలి గుండ్రాళ్ళు పరిచిన నేల. పనివాళ్ళు తిరిగిన చోటు. దాని అంచున నిలబడితే కాళ్ళ కింద నుంచి శబ్దం వస్తుంది. దిబ్బకు అడుగున ఈ కొస నుంచి ఆ కొసకు సముద్రం గుహ తొలిచింది. దాన్ని జలకన్య గుహ అంటారు. అమ్మాయి మెట్ల దారిన కిందికి దిగి వచ్చి, "నాన్నా, లోపల నీళ్ళు కొడుతుంటే కోట ఊపిరి పీలుస్తున్నట్టుంది" అంది. ఆ శబ్దం మీద రోజూ వంట చేసినవాళ్ళకు అలాంటి కథ రాకపోతే ఆశ్చర్యం.

పడే రాయి మీద పునాది వేసేటప్పుడే మేస్త్రీకి ఆ సంగతి తెలిసి ఉంటుందా? నాకైతే తెలిసే ఉంటుందనిపిస్తుంది. బసాల్ట్ గట్టిదే గానీ నిలువు బీటల్లో చీలుతుంది. సముద్రం బీటల్లో పని చేస్తుంది. కానీ కట్టమన్నవాడికి కావలసినది ఆ చోటే. ఉద్యోగంలో నాకూ అలాంటి చోట్ల గోడ నిలపమన్న ఆదేశాలు వచ్చాయి. ఎంత లోతు తవ్వినా మనసు నిలవని చోట్లు అవి. ఆ మేస్త్రీ మీద జాలి, గౌరవం రెండూ కలిగాయి.

మధ్యాహ్నం కోట బయట పచ్చిక బయలు చూశాం. చూడడానికి ఉత్త గడ్డి. కానీ దాని కింద ఒక ఊరు ఉంది. 1608లో మొదటి రాండల్ వేయించిన ఊరు. తాను కేథలిక్ అయినా స్కాట్లాండ్ నుంచి ప్రొటెస్టెంట్ వర్తకులను తెచ్చి ఇక్కడ నిలిపాడు. గత పదిహేనేళ్ళలో పురావస్తు శాస్త్రవేత్తలు కొద్ది భాగమే తవ్వారు. చదరంగం గళ్ళలా వేసిన వీధులు, గుండ్రాళ్ళు పరిచిన దారి, వర్తకుడి ఇంటి గోడలు, ఇంటి లోపలే మరుగుదొడ్లు కూడా బయటపడ్డాయి. 1608లో ఈ మారుమూల తీరాన అలాంటి వసతి! మిగతా ఊరంతా గడ్డి కిందే ఉంది.

ఊరు ఎక్కువ కాలం బతకలేదు. 1641లో ఐరిష్ కేథలిక్కుల తిరుగుబాటు మొదలైంది, దాని మంటల్లో ఊరు కాలిపోయింది. 1642లో స్కాట్లాండ్ సేనాని మన్రో అతిథిగా వచ్చి, ఆతిథ్యం తీసుకుని, ఎర్ల్‌నే బంధించి కారిక్‌ఫర్గస్‌కు పట్టుకుపోయాడు. మొదటి రోజు అమ్మాయి చెప్పిన మాట అది. రాజుగారి మనిషినని చెప్పిన ఆ పెద్ద కిటికీలు ఆ రోజు అక్కరకు రాలేదు. తరువాత అశాంతి తగ్గినా ఊరు కోలుకోలేదు. దానికి ఇంజనీరుగా నాకు కనిపించిన కారణం ఒకటే: ఓడ ఆగే రేవు లేదు. వర్తకుల ఊరికి రేవు లేకపోతే ఎంత మంచి వీధి వేసినా ఏం లాభం. 1690లో బాయిన్ యుద్ధం తరువాత మెక్‌డొనెల్ల ఆస్తి కరిగిపోయింది. కోటను వదిలేశారు. కప్పులూ రాళ్ళూ చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళిపోయాయి. 1928లో ప్రభుత్వం చేతికి వచ్చింది.

రోడ్డుకు అవతల సెయింట్ కత్‌బర్ట్ చర్చి మొండిగోడలు, సమాధులు ఉన్నాయి. స్పెయిన్ నావికులు కొందరు ఇక్కడే ఉన్నారని స్థానికులు నమ్ముతారు. వాళ్ళ సంగతి రేపు.

రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంది. పడమటి కిటికీల్లోంచి ఎండ హాలులోకి పడుతుంటే రోడ్డు మీద నుంచి చూశాం. ఆ కిటికీలు కట్టించినందుకు రాండల్‌ను మెచ్చుకున్నాను.

నాలుగో రోజు: గిరోనా మునిగిన చోటు

జెయింట్స్ కాజ్‌వే గురించి అందరూ రాశారు. సుమారు నలభై వేల బసాల్ట్ స్తంభాలు, ఎక్కువ భాగం ఆరు పలకలవి. 1986లో యునెస్కో గుర్తించింది. చూడవలసిందే. మేం మాత్రం జనం మధ్య ఎక్కువసేపు ఉండకుండా కొండ అంచు దారిన తూర్పుకు నడిచాం. అక్కడ ఒక చిన్న అఖాతాన్ని స్థానికులు తరతరాలుగా పోర్ట్ నా స్పానియా, అంటే స్పెయిన్ వాళ్ళ రేవు అంటారు. దాని పక్కన లకాడా కొస.

1588లో ఇంగ్లండ్ మీదికి వచ్చి చెదిరిపోయిన స్పెయిన్ నౌకాదళంలో గిరోనా ఒకటి. మునిగిన వేరే ఓడల మనుషులను కూడా ఎక్కించుకుని స్కాట్లాండ్ వైపు బయలుదేరింది. సుమారు 1,300 మంది. అక్టోబరు 26 రాత్రి తుపానులో చుక్కాని విరిగి లకాడా కొసకు కొట్టుకుంది. తొమ్మిది మంది బతికారని చెబుతారు. ఒడ్డుకు చేరినవాళ్ళను సోర్లీ బోయ్ కాపాడి స్కాట్లాండ్ పంపించాడు. అప్పటికి రెండేళ్ళ కిందటే అతను డబ్లిన్ వెళ్ళి ఎలిజబెత్ రాణికి లొంగి, తన భూములు తాను తిరిగి రాయించుకున్నాడు. అదే ఏడాది అతని కొడుకును ఇంగ్లిష్ వాళ్ళు చంపి, తలను డబ్లిన్ కోట మీద గుచ్చారు. అలాంటి రాణికి శత్రువులైన నావికులను ఇంట్లో దాచడం ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. అయినా దాచాడు.

నీళ్ళలోంచి మెక్‌డొనెల్లు ఓడ ఫిరంగులను కొన్ని తీశారు. ప్రభుత్వం అడిగినా ఇవ్వలేదు. డన్‌లూస్ ప్రాకారంలో వాటి కోసమే పెట్టారని చెప్పే కంతలు నిన్న చూశాం. ఓడ నుంచి వచ్చిన సొమ్ము కోట మరమ్మతుల్లో కలిసిందంటారు. పెరట్ ఫిరంగులు పగలగొట్టిన గోడను స్పెయిన్ ఓడ బాగుచేసిందన్న మాట.

ఓడ ఎక్కడ ఉందో మూడు వందల డెబ్బై ఏళ్ళకు పైగా ఎవరూ కచ్చితంగా చూడలేదు. 1967లో రాబర్ట్ స్టెనుయి అనే బెల్జియం గజ ఈతగాడు ఈ రేవు పేరునే పట్టుకుని దిగాడు. పండితులు వేరే చోట్లు ఊహిస్తుంటే, జాలర్లు పిలిచే పేరును నమ్మాడు. దొరికింది. బెల్‌ఫాస్ట్ ఉల్స్టర్ మ్యూజియంలో ఆ వస్తువులు మేం ముందే చూశాం. కెంపులు పొదిగిన బంగారు బల్లి ఒకటి. దాని కంటే నాకు గుర్తుండిపోయింది ఒక బంగారు ఉంగరం. చెయ్యి గుండెను అందిస్తున్న బొమ్మ, కింద స్పానిష్ మాటలు: నీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఎవరిచ్చారో, ఎవరి వేలికి ఉందో. కొండ అంచున నిలబడి ఆ నీళ్ళను చూస్తుంటే మా ఆవిడ ఆ ఉంగరం మాటే ఎత్తింది. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు.

అయిదో రోజు: బోనమార్గీ

చివరి రోజు బల్లికాజిల్ వెళ్ళాం. ఎదురుగా రాథ్లిన్ దీవి స్పష్టంగా కనిపిస్తోంది. తెల్లరాయి మీద నల్లరాయి, దాని మీద పచ్చిక. ఫెర్రీ బయలుదేరుతోంది, పిల్లలు గోల చేస్తున్నారు. 1575 జూలైలో సోర్లీ ఈ తీరం మీదే ఎక్కడో నిలబడి అటు చూశాడు. మా ఆవిడ "ఎక్కడ నిలబడ్డాడో" అని అడిగింది. ఎక్కడ నిలబడినా అతనికి పొగ కనిపించి ఉంటుంది. అంత దగ్గర ఆ దీవి.

ఊరి బయట బోనమార్గీ మఠం ఉంది. 1500 ప్రాంతంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల కోసం మెక్‌క్విలన్లు కట్టించారు. డన్‌లూస్ బురుజులు కట్టిన ఆ వంశమే. ఇప్పుడు అందులో పెద్ద సమాధి గది మెక్‌డొనెల్లది. సోర్లీ బోయ్ అక్కడే ఉన్నాడు. కోటలో జరిగినదే ఇక్కడా జరిగింది: ఒకరు కట్టారు, ఇంకొకరు అందులో నిలిచిపోయారు. తలుపు తాళం వేసి ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. అక్కడ కూడా నల్లరాయి, ఇసుకరాయి కిటికీ చట్రాలు. అదే మేస్త్రీ తరం.

చర్చి గుమ్మం దగ్గర నేల మీద ఒక చిన్న రాతి శిలువ ఉంది, మధ్యలో రంధ్రంతో. మెక్‌క్విలన్ ఆడపడుచు జూలియా సమాధి అది. ఈ మఠం పాడుబడిన తరువాత ఒంటరిగా ఇక్కడ బతికిన సన్యాసిని. నల్ల సన్యాసిని అని పిలుస్తారు. వచ్చేవాళ్ళందరూ తన మీద అడుగు పెట్టి లోపలికి వెళ్ళాలని, అంత తగ్గి ఉండాలని, గుమ్మంలో పాతిపెట్టమని కోరుకుందట. కోటలూ బురుజులూ కట్టిన ఇంట్లో పుట్టిన మనిషి చివరికి అడిగినది గుమ్మం ముందు జానెడు చోటు.

అమ్మాయి ఈ కథ చదివి వినిపించింది. ఆమె కోరిక ప్రకారం అడుగు పెట్టాలి. మా ఆవిడ కాసేపు ఆలోచించి, చెప్పులు విడిచి, వంగి ఆ రాయిని చేత్తో తాకి కళ్ళకు అద్దుకుంది. పక్కనుంచి తిరిగి లోపలికి వెళ్ళింది.